మందుబిళ్ళకు పేర్లు వేయి... రూపం ఒక్కటే!

జ్వరం బిళ్ళ, జలుబు బిళ్ళ, ఒళ్ళు నొప్పుల బిళ్ళ... మన ఇంటి మందుల డబ్బాలో మూడు రంగుల అట్టల్లో, మూడు పేర్లతో ఉంటాయి. ఆ మూడింటిలోనూ ఉన్నది ఒకే మందు కావచ్చునని మీకెప్పుడైనా అనిపించిందా? ఆ సంగతి తేల్చుకోవడానికి కెమిస్ట్రీ చదివి ఉండక్కర్లేదు. చేతిలో ఫోను, కాస్త ఓపిక ఉంటే చాలు. కోట్లాది రసాయనాల రూపురేఖల్ని ఎవరైనా, ఎక్కడినుంచైనా, పైసా ఖర్చు లేకుండా చూసుకునే సదుపాయం ఇరవై ఏళ్ళకు పైగా ఉంది. చిత్రం ఏమిటంటే మనలో చాలామందికి ఆ ఊసే తెలియదు!

పిన్నిగారి అమెరికా ప్రయాణం

మా వీధిలో ఉండే పిన్నిగారు కూతురి పురిటికి అమెరికా బయల్దేరారు. పచ్చళ్ళు, పొడులు, కాయం సామాన్లతో పాటు మందుల సంచీ కూడా కట్టుకున్నారు. "ఏం అమ్మాయ్, నువ్వు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతావు కదా! మా పిల్ల ఫోను చేసి అక్కడ పారాసిటమాల్ అంటే షాపుల్లో ఎవరికీ తెలియదంటోంది. టైలెనాల్ అనో, అసిటమినోఫెన్ అనో అడగాలట. ఆ కొత్త మందు నా ఒంటికి పడుతుందంటావా?" అని బెంగగా అడిగారు.

నేను ఫోను తీసి పబ్‌కెమ్ అనే వెబ్‌సైటు తెరిచి, అందులో పారాసిటమాల్ అని కొట్టాను. ఒక పేజీ వచ్చింది. మళ్ళీ అసిటమినోఫెన్ అని కొట్టాను. అదే పేజీ వచ్చింది. అదే బొమ్మ, అదే నంబరు. పిన్నిగారు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చూశారు. "ఓస్, ఇంతేనా! మన పిల్లే అత్తారింటికి వెళ్ళి ఇంటిపేరు మార్చుకుందన్నమాట" అని నవ్వేశారు.

అసలు విషయం అక్కడితో ఆగలేదు. సంచీలో ఉన్న మిగతా అట్టలు కూడా తిప్పి చూద్దామన్నాను. జలుబు బిళ్ళ వెనక చిన్న అక్షరాల్లో పారాసిటమాల్ ఉంది. మోకాళ్ళ నొప్పి బిళ్ళలో ఇంకో మందుతో కలిపి మళ్ళీ పారాసిటమాల్ ఉంది. జ్వరం బిళ్ళ సరేసరి. జలుబు చేసి, ఒళ్ళు నొప్పులొచ్చి, జ్వరం తగిలిన రోజున ఆవిడ మూడూ వేసుకుంటే? మూడు మందులు వేసుకున్నాననుకుని ఒకే మందును మూడింతలు వేసుకున్నట్టే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు పారాసిటమాల్ రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదన్నది సాధారణంగా చెప్పే హద్దు. లివర్ జబ్బు ఉన్నవాళ్ళకు, బాగా బక్కచిక్కిన వాళ్ళకు డాక్టర్లు ఇంకా తక్కువే చెబుతారు. హద్దు దాటితే దెబ్బ తగిలేది లివరుకే. మొదటి రోజు పైకి ఏమీ కనిపించకపోవచ్చు కూడా.

ఇలా ఊరు మారితే పేరు మారే మందులు ఇంకా ఉన్నాయి. ఆయాసానికి మనం పీల్చే సాల్‌బ్యుటమాల్‌ని అమెరికాలో ఆల్‌బ్యుటెరాల్ అంటారు. షుగరుకి వాడే గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబ్యురైడ్. పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మలు, అత్తగార్లు ఈ జంట పేర్లు రాసి పెట్టుకుంటే అక్కడి డాక్టరుకి చెప్పడం తేలిక.

ఏమిటీ పబ్‌కెమ్?

అమెరికా ప్రభుత్వానికి చెందిన జాతీయ ఆరోగ్య సంస్థల్లో భాగమైన జాతీయ వైద్య గ్రంథాలయం 2004లో మొదలుపెట్టిన ఉచిత సమాచార నిధి ఇది. ఇప్పుడు ఇందులో 10 కోట్లకు పైగా రసాయన పదార్థాల వివరాలున్నాయి. ప్రతి పదార్థానికీ రేషన్ కార్డు నంబరులాగా ఒక నంబరు ఉంటుంది. పారాసిటమాల్ నంబరు 1983. ఆస్పిరిన్ది 2244. కాఫీలోని కెఫీన్ది 2519. పేర్లు ఎన్ని ఉన్నా నంబరు మాత్రం ఒక్కటే.

ఇంతటి సమాచారం ఇంతకుముందు లేదా అంటే, ఉంది. కానీ మనలాంటి వాళ్ళకి అందేది కాదు. 'కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్' అనే సూచిక 1907లో మొదలైంది. రసాయనాలకు నంబర్లిచ్చి నమోదు చేసే పట్టిక 1965లో వచ్చింది. పెద్ద యూనివర్సిటీలు, మందుల కంపెనీలు వేలకు వేలు చందాలు కట్టి తెప్పించుకునేవి. చిన్న ఊళ్ళో ఆడపిల్లల కాలేజీకి అది అందని ద్రాక్షే. ఒక అణువు బొమ్మ చూపించాలంటే బోర్డు మీద సుద్దముక్కతో గీయడం, లేదంటే బీరువాలో తాళం వేసి ఉంచిన ఒకే ఒక్క ప్లాస్టిక్ బంతుల సెట్టును అరవై మంది అమ్మాయిల మధ్య తిప్పడం... మా కాలేజీలో ఎన్నో ఏళ్ళు జరిగింది ఇదే.

పబ్‌కెమ్ రాకకు అడ్డంకులు కూడా ఎదురయ్యాయి. రసాయనాల సమాచారాన్ని చందా మీద అందించే అమెరికన్ కెమికల్ సొసైటీ 2005లో అభ్యంతరం చెప్పింది. ప్రజల పన్నుల డబ్బుతో ప్రభుత్వమే తమ పనికి పోటీ పెట్టడమేమిటన్నది వారి వాదన. ప్రజల డబ్బుతో పుట్టిన విజ్ఞానం ప్రజలకు ఉచితంగా అందాలన్నది అవతలివారి మాట. విషయం అమెరికా పార్లమెంటు దాకా వెళ్ళింది. పబ్‌కెమ్ మాత్రం ఆగలేదు. ఆ రోజు అది ఆగి ఉంటే పిన్నిగారికి నేను ఫోనులో ఏమీ చూపించగలిగేదాన్ని కాదు.

ఎలా చూడాలి?

ఫోనులో గానీ కంప్యూటర్లో గానీ గూగుల్ తెరిచి పబ్‌కెమ్ అని ఇంగ్లీషులో కొట్టండి. పి, యు, బి, సి, హెచ్, ఇ, ఎమ్... ఇవీ అక్షరాలు. డబ్బు కట్టక్కర్లేదు, పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. సైటు ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి మందు పేరు కూడా ఇంగ్లీషులోనే కొట్టాలి.

ఏ పేరు కొట్టాలన్నది ముఖ్యం. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న ముద్దుపేరు. దాని కింద గానీ, వెనకవైపు గానీ చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటాయి. మందుల షాపులో దాన్నే సాల్ట్ అంటారు. ఆ అసలు పేరే వెతకండి. రెండు మూడు పేర్లుంటే ఒక్కొక్కటీ విడివిడిగా చూడండి.

పేజీ తెరుచుకోగానే పైన ఒక బొమ్మ కనిపిస్తుంది. కిందికి వెళితే పేర్లు, ఇతర పేర్లు, ఫార్ములా, బరువు, నీళ్ళలో కరుగుతుందా లేదా, ఎందుకు వాడతారు, ప్రమాదాలేమిటి అన్నీ వరసగా ఉంటాయి. 'ఇతర పేర్లు' అన్న భాగం తప్పకుండా చూడండి. ఒక్కో మందుకి వందల పేర్లుంటాయి!

ముగ్గు వేయడం వస్తే బొమ్మ చదవడం వచ్చినట్టే

ఆ బొమ్మ చూడగానే "అమ్మో, ఇది మనవల్ల కాదు" అనుకోకండి. సందు చుక్కలు పెట్టి ముగ్గు వేసే చేతులకు ఇది కొత్త కాదు. చుక్కలే పరమాణువులు. గీతలే వాటి మధ్య బంధాలు. గీతలు కలిసే ప్రతి మూలలోనూ ఒక కార్బన్ ఉన్నట్టు లెక్క. అక్కడ అక్షరం వేయరు. కార్బన్‌కి అంటుకున్న హైడ్రోజన్లను కూడా మామూలుగా చూపించరు. ఆక్సిజన్, నైట్రోజన్ లాంటివి ఉన్నచోట మాత్రం అక్షరం వేస్తారు. తేనెపట్టు గదిలాగా ఆరు మూలల గడి, లోపల ఒకటి విడిచి ఒకటి జంట గీతలు కనిపిస్తే అది బెంజీన్ వలయం. పారాసిటమాల్ బొమ్మలో అలాంటి గడి ఒకటే ఉంటుంది. దానికి ఎదురెదురు మూలల్లో రెండు తోకలుంటాయి. అంతే దాని రూపం!

త్రీడీ అన్నచోట నొక్కితే అణువు బంతులూ పుల్లలతో కట్టినట్టు కనిపిస్తుంది. వేలితో తిప్పితే గిర్రున తిరుగుతుంది. బూడిదరంగు బంతులు కార్బన్, తెల్లవి హైడ్రోజన్, ఎర్రవి ఆక్సిజన్, నీలంవి నైట్రోజన్. ఇంటర్ చదివే అమ్మాయికి ఇది చూపించండి. పుస్తకంలో బట్టీ పట్టిన పాఠం కళ్ళముందు తిరుగుతుంటే ఆ పిల్ల ముఖం ఎలా వెలుగుతుందో చూడండి.

వంటింటి అక్కచెల్లెళ్ళు

మందుల సంగతి కాసేపు పక్కనపెట్టి పోపులపెట్టె తెరుద్దాం. పసుపులో రంగునిచ్చేది కుర్‌క్యుమిన్. మిరపకాయలో కారం క్యాప్సైసిన్. అల్లంలో ఘాటు జింజరాల్. లవంగంలో వాసన యూజెనాల్. కేకులో వేసే వెనీలా వాసన వెనిలిన్. ఈ అయిదు పేర్లూ ఒక్కొక్కటే కొట్టి, బొమ్మల్ని పక్కపక్కన పెట్టి చూడండి. అన్నింటిలోనూ ఒకే రకం ఆరు మూలల గడి, దానికి పక్కపక్క మూలల్లో ఒకేలాంటి రెండు ఆక్సిజన్ కొమ్ములు! పసుపులో అలాంటి గడులు రెండుంటాయి, మధ్యలో గొలుసు వేసినట్టుగా. అందరూ ఒకే పుట్టింటి ఆడపడుచులే. తోకలు మారేసరికి ఒకరికి కారం, ఒకరికి కమ్మదనం, ఒకరికి రంగు వచ్చాయి.

మిరపకాయ అణువుకి పొడుగాటి కార్బన్ తోక ఉంటుంది. నూనెలో కలిసే గుణం దానిది. నీళ్ళలో సరిగా కరగదు. అందుకే నోరు మండినప్పుడు గ్లాసెడు నీళ్ళు తాగినా మంట పోదు, గుక్కెడు పాలు తాగితే ఉపశమనం. మన పెద్దవాళ్ళు కారం కూర తర్వాత పెరుగన్నం పెట్టడంలో ఎంత తెలివుందో!

పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రగా మారడం మనమంతా చూసిందే. సబ్బులో, సున్నంలో ఉండే క్షారగుణానికి కుర్‌క్యుమిన్ అణువు కొంచెం మారి రంగు మార్చుకుంటుంది. హారతి పళ్ళెంలో పసుపు, సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అయ్యేది ఇందుకే. అందులో నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపురంగు తిరిగొస్తుంది. పిల్లల చేత చేయించి చూడండి.

ఇంకో వింత. కార్వోన్ అనే అణువుకి రెండు రూపాలున్నాయి. అద్దంలో కుడిచేయి ఎడమచేయిగా కనిపిస్తుందే, అచ్చం అలాగ. పరమాణువులన్నీ అవే, వరస కూడా అదే. ఒక రూపం పుదీనా జాతికి చెందిన స్పియర్‌మింట్ వాసన వేస్తుంది. రెండోది సోయికూర గింజల వాసన వేస్తుంది. మన ముక్కు కుడి ఎడమల తేడా కూడా పట్టేస్తుందన్నమాట!

సుబ్బారావుగారి రెండు బొమ్మలు

రూపంలో చిన్న తేడా ప్రాణం మీదికి ఎలా తెస్తుందో తెలియాలంటే మన తెలుగువాడి పని చూడాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళి, లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధన నడిపించారు. ఆయన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే బిళ్ళల్లో ఉండే విటమిన్ అదే. కడుపులో బిడ్డ వెన్నుపాము, మెదడు సరిగా ఏర్పడటానికి ఇది అవసరం.

అదే బృందం ఫోలిక్ యాసిడ్ రూపాన్ని కొంచెం మార్చి, దాని పనికి అడ్డుపడే అణువుల్ని కూడా తయారుచేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. పబ్‌కెమ్‌లో రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడండి. కవల పిల్లల్లా ఉంటాయి. ఒకచోట ఆక్సిజన్ బదులు నైట్రోజన్ కొమ్ము, మరోచోట అదనంగా ఒక కార్బన్. తేడా అంతే! ఫోలిక్ యాసిడ్ అనుకుని కణం మోసపోతుంది, పెరుగుదల ఆగుతుంది. అందుకే ఇది కొన్ని క్యాన్సర్లకు మందయింది. కీళ్ళవాతానికీ, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కీ తక్కువ మోతాదులో వాడుతున్నారు. ఆ జబ్బు మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలోనే ఎక్కువ.

ఇక్కడ రెండు మాటలు గుర్తుంచుకోండి. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. రెండోది, గర్భిణులు, బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు ఇది వాడకూడదు. ఒకటి బిడ్డను కాపాడే బిళ్ళ, ఇంకొకటి బిడ్డకు హాని చేసే బిళ్ళ. మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళకి డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు కాబట్టి ఈ రెండూ ఒకే డబ్బాలో పక్కపక్కనే ఉంటాయి! అట్ట మీద రోజు పేరు రాసిపెట్టడం, ఎవరు వేసుకోవాలో ఇంట్లో అందరికీ చెప్పడం తప్పనిసరి.

పేర్లు దగ్గర... గుణాలు దూరం

ఒకే మందుకి రెండు పేర్లుండటం ఒక ఎత్తు. పేర్లు దగ్గరగా ఉండి పదార్థాలు వేరు కావడం ఇంకో ఎత్తు. ప్రొపిలీన్ గ్లైకాల్‌ని మందుల్లో, తినుబండారాల్లో హద్దుల మేరకు వాడతారు. డైఎథిలీన్ గ్లైకాల్ విషం, కిడ్నీలను పాడుచేస్తుంది. రెండూ రంగులేని, జిగురుగా ఉండే తియ్యటి ద్రవాలే. అమెరికాలో 1937లో ఒక సిరప్‌లో డైఎథిలీన్ గ్లైకాల్ వాడటంతో 100 మందికి పైగా చనిపోయారు. ఆ దుర్ఘటనే 1938లో అక్కడ కొత్త మందుల చట్టానికి దారితీసింది. 2022లో గాంబియాలో పసిపిల్లలు కిడ్నీలు చెడి చనిపోయినప్పుడు కూడా, మన దేశంలో తయారైన దగ్గు సిరప్‌లలో ఈ జాతి విషాలే ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది.

సీసాలో ఏముందో పబ్‌కెమ్ పరీక్షించి చెప్పలేదు. అది ప్రయోగశాల పని, ప్రభుత్వం పని. కానీ పేపర్లో ఇలాంటి వార్త వచ్చినప్పుడు ఆ పదార్థం ఏమిటో, అంత ప్రమాదం ఎందుకో మనమే స్వయంగా చదివి తెలుసుకోవచ్చు. తెలిసిన తల్లి అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది.

ఇంట్లో వాడే వాటి సంగతి కూడా చూడండి. బట్టల మధ్య వేసే కలరా ఉండలు, తెలంగాణలో డాంబరు గోలీలంటారు, చాలావరకు నాఫ్తలీన్‌తో చేసినవి. రెండు తేనెపట్టు గడులు అంటుకుని ఉన్నట్టుంటుంది దాని బొమ్మ. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లల్లో దీని ఆవిరి రక్తకణాలను విరగ్గొట్టి కామెర్లు తెప్పించగలదు. అందుకని బీరువాలో దాచిన పాత పొత్తిళ్ళ బట్టలు తీసి వెంటనే పాపాయికి చుట్టకండి. ఉతికి, ఎండలో బాగా ఆరబెట్టి అప్పుడు వాడండి.

అలాగే బాత్రూమ్ కడిగే యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. బ్లీచింగ్ పౌడరులో ఉండేది హైపోక్లోరైట్. రెండింటినీ కలిపితే తెల్లగా మెరుస్తుందనుకుంటారు కొందరు. కలిపితే వచ్చేది క్లోరిన్ అనే విషవాయువు. తలుపు వేసి ఉన్న చిన్న బాత్రూములో అది చాలా ప్రమాదం. పనిమనిషికి కూడా ఈ మాట చెప్పి పెట్టండి.

ఈ బొమ్మల వెనక ఆడవాళ్ళ చేతులు

కంటికి కనిపించని అణువుకి రూపం ఉందని ఎలా తెలిసిందంటారా? స్ఫటికం మీదికి ఎక్స్‌రేలు పంపి, అవి చెదిరిన తీరును ఫోటో తీసి, లెక్కలు కట్టి రూపం తేలుస్తారు. ఈ విద్యలో ఆరితేరినవారు బ్రిటన్‌కు చెందిన డొరొతీ హాడ్జ్‌కిన్. 1945లో పెన్సిలిన్ రూపాన్ని, తర్వాత 1950లలో విటమిన్ బి12 రూపాన్ని తేల్చారు. 1964లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇన్సులిన్ స్ఫటికం ఫోటో 1935 ప్రాంతంలో తీసిన ఆవిడ, దాని రూపం పూర్తిగా తేల్చింది 1969లో. ముప్పై ఏళ్ళకు పైబడిన ఓపిక! ముగ్గురు పిల్లల తల్లి. పాతికేళ్ళు నిండకుండానే కీళ్ళవాతం పట్టుకుని చేతివేళ్ళు వంకర్లు పోయినా ఆ వేళ్ళతోనే స్ఫటికాలు పట్టుకున్నారు.

అణువుల రూపాలన్నీ ఒకచోట భద్రపరచాలన్న పనిలోనూ ఆడవాళ్ళు ముందున్నారు. ఓల్గా కెన్నార్డ్ 1965లో కేంబ్రిడ్జిలో స్ఫటికాల సమాచార కేంద్రాన్ని స్థాపించారు. ప్రొటీన్ల రూపాలు దాచే 'ప్రొటీన్ డేటా బ్యాంకు' 1971లో ఏడే ఏడు బొమ్మలతో మొదలైంది. దాని ఆలోచన చేసిన తొలి బృందంలో ఉన్న హెలెన్ బెర్మన్ తర్వాత చాలా ఏళ్ళు దాన్ని నడిపించారు. ఇప్పుడు అందులో 2 లక్షలకు పైగా బొమ్మలున్నాయి. అన్నీ ఉచితమే.

మరికొన్ని ఉచిత ఖజానాలు

చదువుకునే అమ్మాయిలకు పబ్‌కెమ్ ఒక్కటే కాదు, ఇంకా చాలా ఉన్నాయి. 'కెమ్‌స్పైడర్'ను బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ నడుపుతోంది. మందులు ఏ ప్రొటీన్ మీద ఎంత పనిచేస్తాయో చెప్పే 'కెంబిల్' కేంబ్రిడ్జి దగ్గరి యూరోపియన్ సంస్థది. ప్రొటీన్ డేటా బ్యాంకువారు 2000 నుంచి నెలకో అణువును తీసుకుని రంగుల బొమ్మలతో, తేలిక మాటల్లో కథలాగా చెబుతున్నారు. హైస్కూలు పిల్లలకు కూడా అర్థమవుతుంది.

మన దేశానిది 'ఇంపాట్'. చెన్నైలోని గణితశాస్త్రాల సంస్థ దీన్ని తయారుచేసింది. 4 వేలకు పైగా మన ఔషధ మొక్కలు, వాటిలోని దాదాపు 18 వేల రసాయనాల రూపాలు ఇందులో ఉన్నాయి. తులసి, వేప, అశ్వగంధ ఏది కావాలన్నా చూసుకోవచ్చు. ఇలా రాసి పెట్టుకోవడం ఎంత అవసరమో పసుపే మనకు నేర్పింది. పసుపు గాయాలు మాన్పుతుందన్న దాని మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చేశారు! మన సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ పాత గ్రంథాల సాక్ష్యం చూపించి పోరాడితే 1997లో రద్దయింది. మన అమ్మమ్మలకు తెలిసినదే అయినా కాగితం మీద ఉంటేనే సాక్ష్యం.

ఈ జాగ్రత్తలు మరవకండి

* పబ్‌కెమ్ చెప్పేది 'ఇదేమిటి' అని మాత్రమే. 'నేను ఎంత వేసుకోవాలి' అన్నది మీ వయసు, బరువు, జబ్బులు తెలిసిన డాక్టరే చెప్పాలి. అక్కడ చదివి మందు మొదలుపెట్టడం గానీ, వాడుతున్నది మానేయడం గానీ చేయకండి.

* ప్రమాద చిహ్నాలు చూసి బెంబేలు పడకండి. కెఫీన్ పేజీలోనూ హెచ్చరిక గుర్తు ఉంటుంది, నిమ్మలోని సిట్రిక్ యాసిడ్ పేజీలోనూ కళ్ళకు మంట అని ఉంటుంది. అవి శుద్ధమైన పదార్థాన్ని పెద్ద ఎత్తున వాడేవాళ్ళ కోసం. కప్పు కాఫీకి వర్తించవు.

* 'క్యాన్సర్ కణాల మీద పనిచేసింది' అని కనిపిస్తే అది ప్రయోగశాల గిన్నెలో జరిగిన సంగతి. మనిషి ఒంట్లో పనిచేస్తుందని అర్థం కాదు.

* మొక్కలో ఉన్నంత మాత్రాన అమృతం కాదు, ఫ్యాక్టరీలో చేసినంత మాత్రాన విషం కాదు. అణువు ఒకటే అయితే గుణమూ ఒకటే.

* జనరిక్ షాపులో మందు కొనేటప్పుడు అసలు పేరు, మిల్లీగ్రాములు డాక్టరు రాసినవేనా అని పోల్చి చూసుకోండి. తేడా ఉంటే డాక్టరుని అడగకుండా మార్చకండి.

ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. ఇంట్లో ఉన్న మందులన్నీ బల్ల మీద పరిచి, గడువు తీరినవి తీసేయండి. ఒక నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో కంపెనీ పేరు, రెండో గడిలో అసలు పేరు, మూడో గడిలో ఎవరు ఎప్పుడు వేసుకోవాలి. ఒకే అసలు పేరు రెండు చోట్ల వచ్చిందంటే అక్కడ ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం చేతిలో ఉంచుకోండి. పిన్నిగారు తన పుస్తకంలో నాలుగో గడి కూడా గీసుకున్నారు... 'అమెరికా పేరు' అని!